కిట్ బ్యాగులో ఏం పెట్టి పంపుతున్నాం?

 పరిశోధక విద్యార్థులు వెనక వరుసల్లోనే ఎందుకు కూర్చున్నారో నాకు తెలుసు. టీ వచ్చేది ఆ గుమ్మంలోంచే.

మాస్టారి పేరు నా వెనక బ్యానరు మీద ఉంది. ముప్పయ్యేళ్లు ఆయన్ని మాస్టారు అనే పిలిచాను. ఇవాళ మైకు ముందు నిలబడ్డాను కదా అని పేరుకు ముందు 'ఆచార్య' తగిలించి పిలవడం నా వల్ల కాదు. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారుగా మొదలుపెట్టి, హెడ్మాస్టరై, నలభై దాటాక పీహెచ్‌డీ చేసి విశ్వవిద్యాలయానికి వచ్చారు. జేబులో సుద్దముక్క పెట్టుకునే అలవాటు మాత్రం పోలేదు. చొక్కా జేబు అంచున ఎప్పుడూ తెల్లటి మరక ఉండేది. ఎవరైనా పెద్దాయన వచ్చి గంటన్నర మాట్లాడి వెళ్లాక మమ్మల్ని గుమ్మంలో ఆపి, "ఇందులో మనకి రేపొద్దున పనికొచ్చేదేమిటమ్మా?" అని అడిగేవారు. మేం నేల చూపులు చూసేవాళ్లం. అలాంటి మనిషి పేరిట ఉపన్యాసం పెట్టడం, దానికి నన్ను పిలవడం, రెండూ ఆయన వింటే నవ్వుకునేవే. అందుకని ఆయన ప్రశ్ననే పట్టుకొచ్చాను. విద్య మీద పరిశోధన చేసేవాళ్లకు మనం పెడుతున్న వర్క్‌షాపుల్లో, సెమినార్లలో, రిఫ్రెషర్ కోర్సుల్లో రేపొద్దున పనికొచ్చేది ఎంత?

ముందు వీళ్లెవరో చెప్పుకోవాలి. ఆర్థికశాస్త్రంలో పరిశోధన చేసే కుర్రాడు సాధారణంగా బీఏ నాటి నుంచీ ఆ శాస్త్రంలోనే పెరుగుతాడు. మన దగ్గరకు వచ్చేవాళ్లు అలా కాదు. తెలుగు పండితులు వస్తారు, జువాలజీ ఎమ్మెస్సీలు వస్తారు, సోషల్ స్కూల్ అసిస్టెంట్లు వస్తారు. బీఈడీ కాలేజీలో ఒక్క చేతి మీద నాలుగు పేపర్లు చెప్పే లెక్చరర్లు, బొమ్మూరు, బుక్కపట్నం లాంటి చోట్ల జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థల్లో, అంటే డైట్‌లలో, పనిచేసేవాళ్లు వస్తారు. బడి లోపల ఏం జరుగుతుందో వీళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఒక తరగతి గదిలోకి తొంగిచూసి, ఆ మాస్టారు నిజంగా పాఠం చెబుతున్నారో మనం వస్తున్నామని చెబుతున్నారో క్షణంలో పట్టేస్తారు. కానీ పిల్లల్ని ఎలా ఎంచుకోవాలి, అంకెల్ని ఏం చెయ్యాలి, మనిషిని మాట్లాడించి ఆ మాటల్ని ఎలా రాసుకోవాలి, ఇవి వాళ్లకు ఎవరూ నేర్పలేదు. ఎంఈడీలో ఒక పేపరు ఉంటుంది. పరీక్ష రాసిన మర్నాడే అది మనసులోంచి చెరిగిపోతుంది. అందుకే పరిశోధన శిక్షణ అవసరం మిగతా శాస్త్రాల వాళ్లకంటే మనకే ఎక్కువ.

మరి ఆ శిక్షణ ఎలా నడుస్తుందో మీకు తెలియంది కాదు, అయినా చెబుతాను. మొదటి రోజు పదింటికి ప్రారంభోత్సవం. ముఖ్య అతిథి పదకొండున్నరకు వస్తారు. జ్యోతి ప్రజ్వలనకు కొవ్వొత్తి ఉంటుంది, అగ్గిపెట్టె ఉండదు. అగ్గిపెట్టె వచ్చేసరికి ఫ్యాను ఆపేవాళ్లు ఉండరు. వేదిక మీద తొమ్మిది మంది. ఒక్కొక్కరూ "సమయాభావం వల్ల రెండే మాటలు" అంటూ పావుగంట. శాలువాలు, మెమెంటోలు. భోజనాలయ్యాక మొదటి రిసోర్స్ పర్సన్ గారు లేస్తారు. తొంభై స్లయిడ్లలో మొదటిది 'పరిశోధన అనగానేమి'. మర్నాడు పొద్దున రెండో ఆయన వస్తారు. ఆయన మొదటి స్లయిడూ అదే. మూడో రోజుకల్లా లోకంలో పరిశోధనకున్న నిర్వచనాలన్నీ అయిపోతాయి, పరిశోధన ఇంకా మొదలుకాదు. ఆఖరి పూట టీఏ బిల్లులు, గ్రూపు ఫోటో, సర్టిఫికెట్లు. చేతిలో సంచి. సంచిలో పల్చటి ప్యాడు, రాయని పెన్ను, కార్యక్రమాల పట్టిక.

నేనేమీ ఒడ్డున కూర్చుని నవ్వడం లేదు. ఇలాంటివి ఏడో ఎనిమిదో నేనే నడిపాను. అగ్గిపెట్టె మర్చిపోయిన కన్వీనరు నేనే.

ఈ తంతు ఇలా అవ్వాలని ఎవరూ మొదలుపెట్టలేదు. 1986 జాతీయ విద్యావిధానం కాలేజీ అధ్యాపకులకు ఉద్యోగంలో ఉండగా కూడా చదువు కావాలంది. ఆ మరుసటి ఏడాది నుంచి యూజీసీ అకడమిక్ స్టాఫ్ కాలేజీలు వచ్చాయి. మన వైపు ఉస్మానియా, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లోనూ పెట్టారు. కొత్తగా చేరినవాళ్లకు నాలుగు వారాల ఓరియెంటేషను, తర్వాత మూడు వారాల రిఫ్రెషరు. 2015లో వాటికి మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలని పేరు మార్చారు, 2023లో మాలవీయ మిషన్ పేరు వచ్చింది. బోర్డు రాసే పెయింటరుకు రెండుసార్లు పని దొరికింది. ఇంకోపక్క 1969లో ఏర్పడిన భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి (ఐసీఎస్‌ఎస్‌ఆర్) పీహెచ్‌డీ విద్యార్థుల కోసం పది రోజుల పరిశోధన పద్ధతుల కోర్సులకు డబ్బిస్తుంది. దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉస్మానియా ఆవరణలోనే ఉంది. ఆ సంస్థకు మొదటి మెంబర్ సెక్రటరీ జె.పి. నాయక్. విద్య మీద వేసిన కొఠారీ కమిషన్‌కూ ఆయనే మెంబర్ సెక్రటరీ. అంటే సామాజిక శాస్త్ర పరిశోధనను నిలబెట్టే పని విద్యారంగం మనిషి చేతిలోనే మొదలైంది. మనం దాన్ని అంతగా గుర్తుపెట్టుకోం.

మూడు వారాల రిఫ్రెషర్ వృథా అని నేననను. నా మొదటి రిఫ్రెషర్లో క్లాసుల్లో విన్నది ఒక్క ముక్క గుర్తులేదు. కానీ కరెంటు పోయిన ఒక రాత్రి హాస్టల్ మేడ మీద, అనంతపురం నుంచి వచ్చిన ఒకావిడ తన థీసిస్ మూడో చాప్టరు దగ్గర ఎందుకు ఆగిపోయిందో చెప్పింది. అది గుర్తుంది. తర్వాత నాలుగేళ్లు నా చాప్టర్లు ఆవిడకీ, ఆవిడవి నాకూ రిజిస్టర్డ్ పోస్టులో తిరిగాయి. టైంటేబుల్లో లేనిదే నాకు దక్కింది. ఇప్పటి ఆన్‌లైన్ కోర్సుల్లో ఆ మేడ లేదు.

ఈ శిక్షణను తంతుగా మార్చింది పాయింట్లు. 2010 యూజీసీ నిబంధనల్లో సదస్సులో పత్రం చదివితే ఇన్ని మార్కులని లెక్క కట్టారు. అంతర్జాతీయ సదస్సుకు 10, జాతీయ సదస్సుకు 7.5, రాష్ట్రస్థాయికి 5. అరటిపళ్లు డజన్ల లెక్కన అమ్మినట్టు. ఆ దెబ్బతో మన జిల్లా కేంద్రాల్లో సదస్సులన్నీ అంతర్జాతీయాలైపోయాయి. నేపాల్ నుంచో శ్రీలంక నుంచో ఒక్కరొస్తే చాలు, రాకపోతే అక్కడి నుంచి సందేశం వచ్చినా చాలు. 2016 నిబంధనలు థీసిస్ ఇచ్చేలోపు రెండు సదస్సుల్లో పత్రాలు చదవాలనీ, ఒక వ్యాసం అచ్చవాలనీ పరిశోధక విద్యార్థి నెత్తిన పెట్టాయి. 2022 నిబంధనలు ఆ బరువు దించాయి. కానీ పన్నెండేళ్లలో అలవాటు ముదిరిపోయింది. 2020 లాక్‌డౌన్‌లో వెబినార్ల వర్షం మీకందరికీ గుర్తే. వీడియో ఆపేసి, వంటగదిలో పోపు వేసుకుంటూ, ఆఖర్న ఫీడ్‌బ్యాక్ ఫారం నింపితే ఈ-సర్టిఫికెట్. ఒకే రోజు మూడు రాష్ట్రాల్లో హాజరైన పుణ్యాత్ములు నాకు తెలుసు. వాళ్లని తిట్టలేను. లెక్కపెట్టేది సర్టిఫికెట్లనైతే మనుషులు సర్టిఫికెట్లే కూడబెడతారు.

ఇక మాస్టారి వర్క్‌షాపు సంగతి చెబుతాను. నేనివాళ వచ్చింది దీనికోసమే.

1991 డిసెంబరు. బ్యానరు లేదు. పన్నెండు మందిమి. రావడానికి షరతు ఒక్కటే: మీ పని ఎక్కడ ఆగిపోయిందో ఆ కాగితాలు తెచ్చుకోవాలి. అచ్చయిన పేపరు తెస్తే గుమ్మంలోంచే పంపేస్తానన్నారు. డిపార్టుమెంటు లైబ్రరీలో రెండు బల్లలు కలిపి, చుట్టూ కుర్చీలు వేశారు. ఒక్కొక్కరి పనికి ఒక పూట. అలా ఆరు రోజులు. నా వంతు రెండో రోజు పొద్దున వచ్చింది.

నాది ఎనిమిదో తరగతి పిల్లల్లో లెక్కలంటే ఉండే భయం మీద పరిశోధన. సాంపుల్ 400 అని రాసుకున్నాను.

"ఏమ్మా, 400 ఎందుకు?"

"384 చాలండీ. గుండ్రంగా ఉంటుందని 400 చేశాను."

"384 ఎక్కడిది?"

సంచిలోంచి జెరాక్స్ కాగితం తీసి చూపించాను. 1970లో క్రెజ్సీ, మోర్గాన్ అనే ఇద్దరు అమెరికన్లు ఇచ్చిన పట్టిక. మొత్తం పది లక్షల మంది ఉన్నా 384 మందిని చూస్తే చాలునని అందులో ఉంది. మన థీసిస్‌లలో ఆ 384 ఎంతమందికి అన్నం పెట్టిందో లెక్కలేదు. ఇప్పటికీ పెడుతోంది. ఇక్కడ కూర్చున్నవాళ్లలో కొందరు ఇప్పుడు పక్కచూపులు చూస్తున్నారు.

పట్టిక తప్పని మాస్టారు అనలేదు. "ఈ నాలుగొందల మందీ నీకెక్కడ దొరుకుతారు?" అన్నారు.

"పది హైస్కూళ్లండీ. ఒక్కోచోట ఒక సెక్షను. నలభై మంది."

"అన్నం ఉడికిందో లేదో ఎలా చూస్తావు?"

"మెతుకు పట్టి చూస్తానండీ."

"నలభై మెతుకులు చూడవా?"

"ఎందుకండీ, కుండ ఒకటే కదా."

"మరి నీ దగ్గర కుండలెన్ని?"

పది. నేను వెళ్లబోయేది పది కుండల దగ్గరికి. ఒక్కో కుండలో నలభై మెతుకులు పట్టి చూసి, నాలుగొందల కుండలు చూశానని థీసిస్‌లో రాయబోతున్నాను. ఒక సెక్షన్‌లో పిల్లలందరికీ ఒకే లెక్కల మాస్టారు, ఒకే గది, ఒకే బెత్తం. వాళ్ల భయాలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. ఆ పట్టికలోని 384 జిల్లాలో పిల్లలందరి పేర్లూ ఒక డబ్బాలో వేసి, కలిపి, చీటీలు తీసినప్పటి మాట. నేను చీటీలు తియ్యడం లేదు, గదులకు గదులు ఎత్తుకొస్తున్నాను.

అప్పుడు జేబులోంచి సుద్దముక్క బయటికొచ్చింది. ఒక బడిలో పిల్లలు ఒకరినొకరు ఎంత పోలి ఉంటారో ఒక సంఖ్యగా చెప్పొచ్చు, మాటవరసకు 0.2 అనుకుందాం అన్నారు. ఒక్కో బడిలో తీసుకునే పిల్లల్లోంచి ఒకరిని తీసెయ్, మిగిలినదాన్ని 0.2తో గుణించు, ఒకటి కలుపు అన్నారు. 39ని 0.2తో గుణిస్తే 7.8. ఒకటి కలిపితే 8.8. నాలుగొందల్ని దాంతో భాగిస్తే 45 చిల్లర. నా నాలుగొందల మంది పిల్లలూ చీటీలు తీసి ఎంచిన నలభై అయిదు మంది పాటి సమాచారమే ఇస్తారన్నమాట. "ఇప్పుడు నలభై బళ్లకి వెళ్లి, బడికి పదిమందినే తీసుకో" అన్నారు. ఈసారి నేనే లేచి బోర్డు మీద వేశాను. 9ని 0.2తో గుణిస్తే 1.8, ఒకటి కలిపితే 2.8. నాలుగొందల్ని భాగిస్తే 143 దగ్గర. పిల్లలు అంతే, ప్రశ్నావళి కాగితాలూ అంతే. పెరిగింది బస్సు ఛార్జీలు.

నాకు ఒళ్లు మండింది. అప్పటికే మూడు బళ్లలో డేటా తీసేశాను. మొహం చూసి మాస్టారికి అర్థమైంది గానీ ఓదార్చలేదు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లతో, "ఈవిడకి నలభై బళ్లకి దారి చెప్పండి" అన్నారు. ఆ మధ్యాహ్నం ఒకాయన జిల్లా పటం గీశాడు. చీపురుపల్లి వైపు పనిచేసిన ఇంకొకాయన, ఏ బస్సెక్కితే దారిలో మూడు బళ్లు తగులుతాయో, ఏ హెడ్మాస్టరు రానిస్తాడో, ఏ హెడ్మాస్టరుకు ముందు ఉత్తరం రాయాలో చెప్పాడు. శనివారాలు వెళ్లొద్దన్నాడు. ఏ పరిశోధన పద్ధతుల పుస్తకంలోనూ ఈ చాప్టరు లేదు. నా థీసిస్ నిలబడింది ఆ పటం మీదే.

మర్నాడు బొబ్బిలి నుంచి వచ్చిన కుర్రాడి వంతు. అతను ఇంగ్లిషు ప్రశ్నావళి ఒకటి తెలుగులోకి దింపుకున్నాడు. నలభై వాక్యాలు, ప్రతిదానికీ 'పూర్తిగా అంగీకరిస్తాను' నుంచి 'బొత్తిగా అంగీకరించను' దాకా అయిదు గళ్లు. మనం లైకర్ట్ స్కేలు అంటుంటాం. దాన్ని 1932లో ఇచ్చిన రెన్సిస్ లికర్ట్ తన పేరు లికర్ట్ అనే పలికేవాడు. ఈ సంగతి తెలిస్తే పరిశోధన బాగుపడదు గానీ వైవాలో కాస్త దర్జాగా ఉంటుంది. మాస్టారు ఆ ప్రశ్నావళి చదివి, ఏమీ అనకుండా చెప్పులేసుకున్నారు. మమ్మల్నందర్నీ దగ్గర్లో ఉన్న జిల్లా పరిషత్ హైస్కూలుకు నడిపించుకుపోయారు. ఏడో తరగతి అమ్మాయి ఒకర్తిని వేపచెట్టు కింద కూర్చోబెట్టి పదకొండో వాక్యం చదివించారు: మా ఉపాధ్యాయులు మమ్మల్ని చొరవ చూపమని ప్రోత్సహిస్తారు.

ఆ పిల్ల టక్కున 'బొత్తిగా అంగీకరించను' గడిలో టిక్కు పెట్టింది.

"దీనర్థం ఏమిటో నీ మాటల్లో చెప్పమ్మా" అన్నారు మాస్టారు.

"సొరవ సేస్తే దెబ్బలు పడతాయండి. మా సారు అలాటియి సెయ్యనివ్వరండి. మంచోరండి."

పెద్దవాళ్ల దగ్గర అతిగా చనువు తీసుకోవడం, ఆ పిల్ల ఇంట్లో చొరవకు ఉన్న అర్థం అదీ. ఆ పిల్ల తన మాస్టారిని వెనకేసుకొచ్చింది. మనవాడి లెక్కలో అదే టిక్కు ఆ మాస్టారికి ఒక మార్కు తీసేసేది. అలాంటి టిక్కులు వేల సంఖ్యలో పోగుచేసి, సగటు కట్టి, గ్రామీణ ఉపాధ్యాయులు పిల్లల్ని ప్రోత్సహించడం లేదని తేల్చి, ప్రభుత్వానికి సిఫార్సులు కూడా చేసేవాళ్లం. సాయంత్రానికి నలభై వాక్యాల్లో పదిహేడు పోయాయి. బొబ్బిలి కుర్రాడు ఆ రాత్రి భోజనం చెయ్యలేదు. మర్నాడు మాత్రం అందరికంటే ముందొచ్చి కూర్చున్నాడు.

ఈ పద్ధతి మాస్టారు కనిపెట్టింది కాదు. ఆయన తరచూ హోషంగాబాద్ పేరు చెప్పేవారు. 1972లో మధ్యప్రదేశ్‌లోని ఆ జిల్లాలో కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటరు కలిసి పదహారు బళ్లలో సైన్సు ప్రయోగాలతో చెప్పించడం మొదలుపెట్టాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయం నుంచి, బొంబాయి టాటా పరిశోధన సంస్థ నుంచి శాస్త్రవేత్తలు వచ్చి పల్లెటూరి బడి మాస్టార్లతో ఒకే బల్ల మీద కూర్చున్నారు. ఎండాకాలం శిక్షణతో ఆపలేదు. నెలనెలా ఒక బడిలో మాస్టార్లు కలిసేవారు. ఏ ప్రయోగం పాడైంది, ఏ ప్రశ్నకు పిల్లలు వింత జవాబు రాశారు, అవన్నీ తెచ్చి బల్ల మీద పెట్టేవారు. పాఠ్యపుస్తకం వాటితోనే మారేది. 1982 నుంచి ఏకలవ్య సంస్థ ఆ పని చేపట్టింది. 2002లో ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని ఆపేసింది. ఆపే ముందు ఆ మాస్టార్లని ఒక్కమాట అడిగి ఉంటే బాగుండేది.

ఇంగ్లండులో లారెన్స్ స్టెన్‌హౌస్ అనే ఆయన 1975 నాటి తన పుస్తకంలో, తరగతి గదిని పరిశోధించాల్సింది ముందుగా ఆ గదిలో పాఠం చెప్పేవాడే అని వాదించాడు. మన పాతకాలపు ఉమ్మడి రాష్ట్రంలోనూ ఆ గాలి వీచింది. బ్రిటన్ సాయంతో నడిచిన ప్రాథమిక విద్యా ప్రాజెక్టు ఏపీపెప్ రోజుల్లో టీచర్ సెంటర్లు పెట్టి చుట్టుపక్కల మాస్టార్లను కూర్చోబెట్టేవారు. కొఠారీ కమిషన్ చెప్పిన స్కూల్ కాంప్లెక్సుల్లోనూ ఆ ఆలోచనే ఉంది. వయసు మళ్లిన ఉపాధ్యాయులెవరైనా దొరికితే అడగండి, ఆ సమావేశాల్లో ఎలాంటి వాదనలు జరిగేవో చెబుతారు. ఇప్పుడు కాంప్లెక్సు మీటింగంటే యాప్‌లో ఫోటోలు ఎక్కించే పని ఎక్కువ.

మీరు అడగొచ్చు, ఇది ముప్పయ్యేళ్ల కిందటి మాట కదా, ఇప్పుడు లోకం పెద్ద డేటా దగ్గరకు పోయింది కదా అని. పోయింది. ఎక్కడి డేటాతో పోయిందో కూడా చూడండి. 2002 నుంచి యంగ్ లైవ్స్ అధ్యయనం నాలుగు దేశాల పిల్లల్ని వెంటాడి చూస్తోంది: ఇథియోపియా, పెరూ, వియత్నాం, ఇండియా. ఇండియా అంటే అక్కడ మన ఉమ్మడి ఆంధ్రప్రదేశే. దాదాపు 3,000 మంది పిల్లలు, ఇరవై ప్రాంతాలు. హైదరాబాదు బేగంపేటలోని ఆర్థిక సామాజిక అధ్యయనాల కేంద్రం (సెస్) అందులో భాగస్వామి. 2005 నుంచి కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్‌లు ఇక్కడి అయిదు జిల్లాల్లో 500 ప్రభుత్వ బళ్లను చీటీలు తీసినట్టు ఎంచి ప్రయోగాలు చేశారు. పిల్లల ఫలితాలను బట్టి టీచర్లకు బోనసు ఇస్తే రెండేళ్లలో లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనం మేర మెరుగుదల కనిపించిందని 2011లో అచ్చేశారు. ప్రపంచంలో ఎక్కడ ఆర్థికశాస్త్ర విద్యార్థి విద్య గురించి చదివినా మన ఊళ్ల అంకెలు తగులుతాయి.

మన ఎంఈడీ విద్యార్థికి తగలవు. యంగ్ లైవ్స్ డేటా ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో ఉన్న ఆర్కైవు నుంచి పేరు నమోదు చేసుకుంటే ఉచితంగా దొరుకుతుంది. మన అనంతపురం, శ్రీకాకుళం పిల్లల ఎత్తులు, బరువులు, చదువులు, వాళ్ల అమ్మలు చెప్పిన సంగతులు, అన్నీ పేర్లు తీసేసి అక్కడ భద్రంగా ఉన్నాయి. వాటిని తెరిచి కూర్చున్న విద్యావిభాగాన్ని నేనొక్కదాన్నీ చూడలేదు. మనవాళ్లు మళ్లీ పది బళ్లకు వెళ్లి 384 మందిని పోగుచేస్తున్నారు. ఒక వారం రోజుల వర్క్‌షాపు పెట్టి, ఆ ఫైలు తెరిచి, అందులో ఒక్క ప్రశ్న తీసుకుని, దాన్ని తెలుగులో ఏమని అడిగారో, పిల్లలకు ఏమని అర్థమై ఉంటుందో తవ్వి చూస్తే చాలు. వేపచెట్టు కింద ఆ పిల్ల చెప్పినటువంటి జవాబులు ఎసెక్స్‌లోనూ కొన్ని ఉండే ఉంటాయని నా అనుమానం. వాటిని పట్టగలిగేది బడి తెలిసిన మనవాళ్లే. ఆ ఆర్థికవేత్తలకు మన అవసరం ఉంది. వాళ్లకు తెలియదు, మనకూ తెలియదు.

ఒకసారి మా అమ్మాయి దగ్గరకు వెళ్లినప్పుడు అమెరికా విద్యా పరిశోధకుల సంఘం వార్షిక సమావేశం చూసొచ్చాను. 1916 నాటి సంఘం. పది వేలకు పైగా జనం వస్తారు. దాంతోపాటే విడిగా ఫీజు కట్టి చేరే పద్ధతుల కోర్సులుంటాయి. ఆర్భాటం అక్కడా తక్కువేం కాదు; సంచులు మన సంచుల కంటే గట్టివి. నన్ను ఆపింది రౌండ్‌టేబుల్ అనే ఏర్పాటు. పెద్ద హాల్లో నంబర్లు వేసిన గుండ్రటి బల్లలు, బల్లకి ముగ్గురు నలుగురు పరిశోధకులు. మైకు లేదు, స్లయిడ్లు లేవు. హాలంతా రైతుబజారులా గోల. ఇంకా పూర్తికాని పని ముందు పెట్టుకుని, ఇక్కడ ఇరుక్కున్నాను, ఏం చెయ్యమంటారు అని అడుగుతున్నారు. నాకు మా లైబ్రరీ బల్ల గుర్తొచ్చింది. మా బల్లకు నంబరు లేదు, అంతే తేడా.

ఇలాంటి బల్లల దగ్గరికి రాలేనివాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. పార్ట్‌టైం పీహెచ్‌డీ చేసే బడి ఉపాధ్యాయులకు పది రోజుల కోర్సుకు ఓడీ, అంటే డ్యూటీలో ఉన్నట్టు లెక్కించే అనుమతి, సులువుగా ఇవ్వరు. ఒక జిల్లాలో ఒకమ్మాయి ఓడీ కోసం ఆఫీసు చుట్టూ పదకొండుసార్లు తిరిగింది. ఆఖరికి పర్మిషను వచ్చేసరికి కోర్సు అయిపోయి మూడు రోజులైంది. ఆ ఉత్తరం నాకు చూపించి నవ్వింది. చంటిపిల్ల తల్లి హాస్టల్లో ఉండాలంటే పిల్లనెవరు చూస్తారో ఏ బ్రోషర్లోనూ ఉండదు. నేనొక వర్క్‌షాపుకు అత్తగారిని కూడా రానిస్తామని రాశాను. ముగ్గురు అత్తగార్లు వచ్చారు. బడ్జెట్‌లో వాళ్ల భోజనాలకు పద్దు లేదని ఆడిట్ వాళ్లు అభ్యంతరం రాశారు. ఆ నాలుగొందల ఎనభై రూపాయలూ నేనే కట్టాను. అంత బాగా ఖర్చయిన డబ్బు నా సర్వీసులో ఇంకోటి లేదు.

మాస్టారు పోయేనాటికి ఆయన నడిపిన బల్లలు పదిహేడు. దేనికీ సర్టిఫికెట్ ఇవ్వలేదు. "సర్టిఫికెట్ లేదని రానివాడు రాకపోతే మనకి కుర్చీ మిగులుతుంది" అనేవారు. ఆ మాట ఆయన కాలానికి చెల్లింది. ప్రమోషను, ఇంక్రిమెంటు కాగితం మీదే ఆధారపడ్డ ఇవాళ్టి పిల్లలతో నేనా మాట అనలేను. కాగితం ఇవ్వండి. కాకపోతే వర్క్‌షాపు ముగిసిన రోజున ఇవ్వకండి. ఆరు నెలల తర్వాత అదే బల్ల దగ్గరికి మళ్లీ రప్పించి, అప్పుడు ఆగిపోయిన పని ఇప్పుడు ఎక్కడుందో చూసి, అప్పుడివ్వండి. యూజీసీ ఒప్పుకోదంటారు. అడిగి చూశామా?

డిపార్టుమెంటు వారికి నా మనవి ఇది. వచ్చే ఏడాది ఈ స్మారకోపన్యాసం పెట్టకండి. దీనికయ్యే ఖర్చుతో, శాలువాతో సహా, పన్నెండు మందిని ఆరు రోజులు లైబ్రరీలో కూర్చోబెట్టండి. డైట్ల నుంచి నలుగురు, బడుల నుంచి నలుగురు తప్పనిసరిగా ఉండాలి. ఓడీ ఉత్తరాలు కన్వీనరే సంతకం పెట్టి ముందుగా పంపాలి. అత్తగార్లకు భోజనం పద్దు రాయండి. మాస్టారు ఎర్రసిరాతో దిద్దిన నా 1991 నాటి ప్రశ్నావళి, ఆనాటి జిల్లా పటం, రెండూ తెచ్చాను. ఇవాళ లైబ్రరీకి ఇచ్చి వెళుతున్నాను.

వెనక వరుసల్లో ఉన్నవాళ్లకు ఒక్క మాట. వచ్చే ఏడాది డిసెంబరులో ఆ బల్ల దగ్గరికి వచ్చేటప్పుడు అచ్చయిన పేపర్లు తేవద్దు, ఆగిపోయిన పని తెండి. నేను నా ఛార్జీలు పెట్టుకుని వస్తాను.